పనితనం పాకిన దారి: మిత్సుబిషి హెవీ ఇండస్ట్రీస్

(కాకినాడలో ఇంజనీర్ల దినోత్సవ సభలో విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదికపై ఉన్న పెద్దలకు, ఎదుట కూర్చున్న విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారాలు.

ఈ రోజు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని తలచుకునే రోజు. 1908 మూసీ వరదల తరువాత హైదరాబాదుకు ఆయన చేసిన మేలు మీకు తెలిసినదే. అంతకు పదేళ్ల ముందే, 1898లో, ఆయన జపాను వెళ్లి అక్కడి పరిశ్రమలను, విద్యాలయాలను కళ్లారా చూసి వచ్చారు. సరిగ్గా అదే సంవత్సరం నాగసాకి ఓడల కర్మాగారంలో ‘హిటాచీ మారు’ అనే 6,000 టన్నుల పైచిలుకు ఉక్కు ఓడ పూర్తయింది. మహాసముద్రం దాటగల అంత పెద్ద ఓడను జపాను వారు స్వయంగా కట్టుకోవడం అదే మొదలు. ఆ ఓడను కట్టిన సంస్థ గురించే ఈ రోజు మాట్లాడాలని వచ్చాను.

మిత్సుబిషి అనగానే మీకు కార్లు, ఏసీలు గుర్తుకు వస్తాయి. నేను చెప్పబోయేది ఆ కుటుంబంలో మిత్సుబిషి హెవీ ఇండస్ట్రీస్ అనే సంస్థ గురించి. ఓడలు, జలాంతర్గాములు, బాయిలర్లు, ఆవిరి టర్బైన్లు, గ్యాస్ టర్బైన్లు, విమానాల రెక్కలు, యుద్ధ విమానాలు, ఉపగ్రహాలను మోసే రాకెట్లు, ఫోర్క్‌లిఫ్టులు, టర్బోచార్జర్లు, డ్రైవరు లేకుండా నడిచే రైళ్లు, పొగగొట్టపు వాయువులను శుభ్రపరిచే ప్లాంట్లు, ఇవన్నీ ఒకే సంస్థ నుంచి వస్తున్నాయి. 2025 మార్చితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో దాని ఆదాయం 5 లక్షల కోట్ల యెన్లు దాటింది. ఇన్ని రకాల పనులను ఒకే గొడుగు కింద ఎందుకు పెట్టుకున్నారు అన్న ప్రశ్న నన్ను చాలాకాలం వెంటాడింది. డబ్బున్న చోట పెట్టుబడి నలుదిక్కులకూ పారుతుంది కాబట్టి ఇది కూడా అలాంటిదే అని కొందరు సమాధానం చెబుతారు. ముప్పై ఏళ్లు విద్యుత్కేంద్రాల్లో టర్బైన్ల ఓవర్‌హాల్ పనుల్లో, అంటే వాటిని పూర్తిగా విప్పి బాగుచేసి మళ్లీ బిగించే పనుల్లో గడిపినవాడిగా నాకు ఆ సమాధానం సరిపోలేదు. ఈ పనుల వెనుక ఒక వంశవృక్షం ఉంది. ఒక పనిలో అబ్బిన పనితనం పక్క పనిలోకి పాకుతూ వచ్చింది. ఎక్కడ పాకిందో, ఎక్కడ పాకలేక ఆగిపోయిందో చూస్తే ఈ సంస్థ చరిత్ర మొత్తం అర్థమవుతుంది.

మొదలు నాగసాకి. 1857లో అప్పటి జపాను సైనిక పాలకుల తొకుగావా ప్రభుత్వం డచ్చి ఇంజనీర్ల సాయంతో అక్కడ ఓడల మరమ్మతు కోసం ఒక ఇనుప కార్ఖానా కట్టడం ప్రారంభించింది. దాని తరువాత వచ్చిన మెయిజీ చక్రవర్తి ప్రభుత్వం చేతికి అది వచ్చిన తరువాత, 1884లో దానిని ఇవాసాకి యతారో అనే ఓడల వ్యాపారికి లీజుకు ఇచ్చారు. ఆయన మరుసటి ఏడాదే కన్నుమూశారు. 1887లో ఆయన కుటుంబం ఆ కర్మాగారాన్ని కొనేసింది. మిత్సుబిషి అనే పేరులో ‘మిత్సు’ అంటే మూడు, ‘హిషి’ అంటే చెరువుల్లో పెరిగే ఒక నీటికాయ. ఆ కాయ ఆకారంలోని మూడు వజ్రపు గుర్తులే ఈనాటికీ వారి ముద్ర.

అదే 1898లో ఆ ఆవరణలో ఎర్ర ఇటుకలతో కట్టిన ఒక భవనం ఇప్పటికీ నిలిచి ఉంది. పోతపోయవలసిన యంత్ర భాగాలకు చెక్కతో నమూనాలు చేసే షెడ్డు అది. మీలో మెకానికల్ చదివే వారు పోత విద్య గురించి పుస్తకంలో ఒక అధ్యాయం చదివి వదిలేసి ఉంటారు. నమూనా వడ్రంగి చేతిలోని కొలబద్ద మామూలు కొలబద్ద కాదు. పోత ఇనుము చల్లారేటప్పుడు మీటరుకు సుమారు 10 మిల్లీమీటర్లు కుంచించుకుపోతుంది కనుక, ఆ కొలబద్ద మీద గీతలను ఆ మేరకు ఎడంగా గీస్తారు. అంటే అతడు చేసే చెక్క నమూనా ఎప్పుడూ కావలసిన దానికన్నా కొంచెం పెద్దదిగానే ఉంటుంది. ఇంకా పోయని లోహం రేపు చల్లారాక ఎంత ముడుచుకుంటుందో ఈ రోజే లెక్క కట్టి చెక్కను చెక్కే ఆ మనిషి దగ్గరే ఈ సంస్థ ఇంజనీరింగ్ పుట్టిందని నేను అనుకుంటాను. ఆ భవనానికి కొంత దూరంలో 1909లో స్కాట్లాండు నుంచి తెప్పించి నిలబెట్టిన 150 టన్నుల విద్యుత్ క్రేను ఉంది. దానిని వారు నేటికీ వాడుతున్నారు. నాగసాకిలో తయారైన బరువైన యంత్రాలు ఓడల్లోకి ఎక్కేది దాని మీదుగానే. 2015లో యునెస్కో ఈ రెండింటినీ ప్రపంచ వారసత్వ కట్టడాల్లో చేర్చింది.

ఓడ అంటే నీటి మీద తేలే ఒక చిన్న ఊరు. దానికి ఆవిరి కావాలి, కరెంటు కావాలి, పంపులు కావాలి, శీతల గది కావాలి, చుక్కాని తిప్పే యంత్రం కావాలి. వాటిని ఎంతకాలం బయటి దేశాల నుంచి కొంటాం అన్న ప్రశ్న ఓడలు కట్టేవాడికి తొలిరోజే ఎదురవుతుంది. నాగసాకి వారు 1904లో బ్రిటన్‌కు చెందిన పార్సన్స్ ఆవిరి టర్బైను, అంటే ఆవిరి తోపుతో బ్లేడులు తిరిగే యంత్రం, తయారీకి లైసెన్సు తీసుకున్నారు. నాలుగేళ్లు తిరగకముందే, 1908లో, 500 కిలోవాట్ల టర్బైనును స్వయంగా చేసి తమ కర్మాగారానికే కరెంటు అందించుకున్నారు. సముద్రం మీద తిరగవలసిన యంత్రం నేల మీదికి వచ్చింది. మరోవైపు కోబె ఓడల కర్మాగారంలోని విద్యుత్ యంత్రాల విభాగం 1921లో వేరుపడి మిత్సుబిషి ఎలక్ట్రిక్ అయింది. ఇవాళ మీరు లిఫ్టుల మీద, ఏసీల మీద చూసే పేరు అక్కడి నుంచి వచ్చినదే. ఓడ కోసం నేర్చిన ప్రతి పనీ కాలక్రమంలో ఒక పరిశ్రమగా విడిపోయింది.

విమానాలు కూడా ఆ కాలంలోనే వచ్చాయి. ఈ సంస్థ ఇంజనీరు హోరికోషి జిరో రూపొందించిన జీరో యుద్ధ విమానం పేరు మీరు వినే ఉంటారు. 1939 ఏప్రిల్ 1న అది తొలిసారి ఎగిరింది. అయితే నగోయా కర్మాగారం పక్కన విమానాశ్రయం లేదు. ఎగరవలసిన ఆ విమానాన్ని భాగాలుగా విడదీసి, ఎద్దుబండ్ల మీద ఎక్కించి, గతుకుల దారిలో కగమిగహారా మైదానానికి తోలుకు వెళ్లారు. అప్పట్లో ప్రపంచంలోనే అత్యుత్తమమైన విమానాల్లో ఒకటి, దానిని మోసుకుపోయినవి ఎద్దులు. ఒక దేశపు పారిశ్రామిక సామర్థ్యం అన్ని అంగాల్లో ఒకేసారి ఎదగదు అనడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

యుద్ధకాలం గురించి తలవంచుకుని మాట్లాడాలి. 1938లో నాగసాకిలో ‘ముసాషి’ అనే మహా యుద్ధనౌక నిర్మాణం ఆరంభమైనప్పుడు, ఊరి కొండల మీద నుంచి ఎవరికీ కనబడకుండా ఉండటానికి నారతాళ్లతో అల్లిన పెద్ద తెరలు కట్టారు. వాటి కోసం నారను ఎంతగా కొనుగోలు చేశారంటే, చుట్టుపక్కల జాలర్లకు వలలకు తాళ్లు దొరకలేదట. 1944 అక్టోబరులో ఆ నౌక ఫిలిప్పీన్స్ దీవుల మధ్య సిబుయాన్ సముద్రంలో మునిగిపోయింది. 1945 ఆగస్టు 9న నాగసాకి మీద అణుబాంబు పడింది. ఆ సంవత్సరాల్లో సంస్థ కర్మాగారాల్లో కొరియా నుంచి బలవంతంగా తెచ్చిన కార్మికుల చేత పని చేయించారు. 2018 నవంబరులో దక్షిణ కొరియా సుప్రీంకోర్టు ఆ బాధితులకు పరిహారం చెల్లించాలని ఈ సంస్థను ఆదేశించింది. పనితనాన్ని మెచ్చుకునేటప్పుడు ఈ చరిత్రను పక్కన పెట్టి మాట్లాడితే అది నిజాయితీ అనిపించుకోదు.

1934లో మిత్సుబిషి హెవీ ఇండస్ట్రీస్ అన్న పేరు తీసుకున్న సంస్థను యుద్ధానంతరం 1950లో మూడు ముక్కలు చేశారు. 1964లో ఆ మూడూ తిరిగి ఒకటయ్యాయి. 1970లో కార్ల విభాగం విడిపోయింది. ఆ దశకంలోనే మన కొచ్చిన్ షిప్‌యార్డు ఈ సంస్థ సాంకేతిక సహకారంతో రూపుదిద్దుకుంది.

ఇక నాకు బాగా తెలిసిన చోటికి వస్తాను. ఓవర్‌హాల్ సమయంలో టర్బైను కేసింగు, అంటే బయటి తొడుగు, పై సగాన్ని క్రేనుతో లేపి, లోపల తిరిగే రోటారును బయట పెట్టినప్పుడు, బ్లేడు కొనకూ కేసింగుకూ మధ్య సందును ఫీలర్ గేజి అనే పలుచని రేకుల కొలసాధనంతో కొలుస్తాం. ఆ సందు మిల్లీమీటరులో కొన్ని వంతులు పెరిగితే ఆవిరి పక్కదారిన జారిపోతుంది, తగ్గితే బ్లేడు రాసుకుంటుంది. మా తరం ఆవిరి టర్బైన్లలో ఆవిరి వేడి దాదాపు 540 డిగ్రీలు. జపానులోని తమ తకాసాగో కర్మాగారంలో 2011లో వీరు నడిపి చూపిన జె రకం గ్యాస్ టర్బైనులోకి ప్రవేశించే వాయువు వేడి 1,600 డిగ్రీలు. బ్లేడుకు వాడే నికెల్ మిశ్రలోహం అంతకన్నా రెండు మూడు వందల డిగ్రీల ముందే కరిగిపోతుంది. మరి ఆ బ్లేడు నిమిషానికి మూడువేల ఆరువందల సార్లు తిరుగుతూ ఏళ్ల తరబడి ఎలా నిలబడుతోంది? బ్లేడు లోపల వంకర టింకర దారులు ఉంటాయి. గాలిని నొక్కి పంపే కంప్రెసరు నుంచి తీసిన గాలి ఆ దారుల గుండా పోయి, సన్నని రంధ్రాల నుంచి బయటికి వచ్చి, బ్లేడు ఒంటి మీద పలుచని పొరలా పరుచుకుంటుంది. దాని కింద పింగాణీ పూత ఉంటుంది. ఒక్కొక్క బ్లేడూ తన చుట్టూ చల్లని గాలి శాలువా కప్పుకుని నిప్పుల్లో తిరుగుతోందని చెప్పవచ్చు. ఆ లోపలి దారులను పోతపోసేటప్పుడే చేయాలి. నమూనా, పోత, కుంచింపు లెక్క, అన్నీ మళ్లీ వచ్చాయి. 1898 నాటి ఇటుకల షెడ్డులో వడ్రంగి చేసిన ఆలోచనే ఇక్కడ వేరే లోహంలో, వేరే సున్నితత్వంతో సాగుతోంది.

ఈ టర్బైను నుంచి బయటికి వచ్చే వాయువు ఇంకా ఆరు వందల డిగ్రీలకు పైగా వేడితో ఉంటుంది. దానితో ఆవిరి పుట్టించి మరో టర్బైనును తిప్పితే, ఇంధనంలోని శక్తిలో 64 శాతం దాకా విద్యుత్తుగా మారుతోంది. మామూలు బొగ్గు కేంద్రంలో ఇది నలభై శాతానికి అటూ ఇటూ ఉంటుంది. కొత్త నమూనాను ముందుగా తకాసాగోలోని సొంత విద్యుత్కేంద్రంలో పెట్టి, గ్రిడ్డుకు కలిపి, నెలల తరబడి నడిపి చూసిన తరువాతే అమ్మే పద్ధతి వీరిది. నాకు ఈ సంస్థలో అన్నిటికన్నా గౌరవం కలిగించే విషయం అదే. మన రాష్ట్రంలో కృష్ణపట్నంలోని 800 మెగావాట్ల యూనిట్లకు ఆవిరి టర్బైన్లు ఎల్ అండ్ టీతో కలిసి వీరు ఏర్పాటు చేసిన ఉమ్మడి సంస్థ నుంచి వచ్చినవే.

బాయిలరు ఉన్న చోట పొగ ఉంటుంది. బాయిలర్లు చేసేవారికి ఆ పొగలోని గంధకాన్ని తీసివేయడం వచ్చింది. ఆ తరువాత 1990లో కన్సాయ్ విద్యుత్ సంస్థతో కలిసి పొగలోని కార్బన్ డయాక్సైడును పట్టే పరిశోధన మొదలుపెట్టారు. ఆ పరిశోధన తిరిగి తిరిగి ఈ ఊరికే చేరింది. 2009లో కాకినాడ నాగార్జున ఎరువుల కర్మాగారంలో రోజుకు 450 టన్నుల కార్బన్ డయాక్సైడును పొగ నుంచి పట్టే ప్లాంటు ఈ పరిజ్ఞానంతోనే ప్రారంభమైంది. మీ ఊరి పక్కన జరిగిన ఈ పనిని మీలో ఎంతమంది విన్నారో నాకు తెలియదు గాని, దీనిని కాస్త వివరంగా చెప్పాలని ఉంది.

యూరియా తయారు కావాలంటే అమ్మోనియా, కార్బన్ డయాక్సైడు రెండూ కావాలి. సహజవాయువు నుంచి అమ్మోనియా చేసేటప్పుడు కార్బన్ డయాక్సైడు కూడా పుడుతుంది. కాని ఆ అమ్మోనియా అంతటినీ యూరియాగా మార్చడానికి అది కొంచెం చాలదు. ముడిచమురు నుంచి తీసే నాఫ్తాను ముడిసరుకుగా వాడిన రోజుల్లో ఈ కొరత లేదు, ఎందుకంటే నాఫ్తాలో కర్బనం పాలు ఎక్కువ. గోదావరి తీరపు గ్యాసులో కర్బనం తక్కువ, హైడ్రోజను ఎక్కువ. విచిత్రం ఏమిటంటే, అదే కర్మాగారంలో సహజవాయువు నుంచి హైడ్రోజనును విడదీసే రిఫార్మర్ కొలిమిని వేడి చేయడానికి మండించిన గ్యాసు నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడు పొగగొట్టం గుండా ఆకాశంలోకి పోయేది. ఇంట్లో బియ్యం లేక ఇబ్బంది పడుతూ, పెరట్లో ధాన్యం పారబోసుకున్నట్టు ఉండేది ఆ పరిస్థితి.

ఆ పొగను ముందు నీటితో చల్లబరుస్తారు. తరువాత ఒక ఎత్తయిన గోపురం వంటి టవరులో కింది నుంచి పైకి పంపుతారు. పై నుంచి అమ్మోనియాకు దగ్గరి రసాయనాలైన అమీన్ల జాతికి చెందిన ఒక ద్రావకం కిందికి జారుతూ వస్తుంది. రెండూ ఎదురుపడే చోట ద్రావకం కార్బన్ డయాక్సైడును పట్టుకుంటుంది, నత్రజని పైకి పోతుంది. నిండిన ద్రావకాన్ని రెండో టవరులోకి పంపి, ఆవిరితో సుమారు 120 డిగ్రీలకు వేడి చేస్తే అది పట్టుకున్నదంతా వదిలేస్తుంది. ఖాళీ అయిన ద్రావకం మళ్లీ మొదటి టవరు పైకి చేరుతుంది. వినడానికి సులువుగానే ఉన్నా, చిక్కంతా ఆ ద్రావకంలో ఉంది. పాత ద్రావకాలు ఇనుమును తినేసేవి, పొగలోని ఆక్సిజను తగిలి చెడిపోయేవి, వదిలించడానికి విపరీతంగా ఆవిరి తాగేవి. ఈ మూడు జబ్బులనూ తగ్గించిన ద్రావకాన్ని కనుగొనడమే వీరు చేసిన అసలు పని. మలేషియాలో 1999లో మొదలైన ఈ పద్ధతి, 2006లో ఉత్తరప్రదేశ్‌లోని ఇఫ్కో అనే సహకార ఎరువుల సంస్థ కర్మాగారాలు రెండింటికి, అక్కడి నుంచి కాకినాడకు వచ్చింది. అమెరికాలోని టెక్సాస్‌లో పెట్రా నోవా అనే బొగ్గు విద్యుత్కేంద్రపు ప్లాంటులో ఇదే పద్ధతి రోజుకు 4,700 టన్నులకు పైగా పట్టే స్థాయికి పెరిగింది. వాతావరణం గురించి ప్రపంచం గట్టిగా మాట్లాడక ముందే, ఎరువుల అవసరం ఈ విద్యను నేర్పింది. ఒక పరిశ్రమలో దేనికో నేర్చిన పని మరో తరానికి మరో అవసరంలో అక్కరకు వస్తుంది.

రాకెట్ల గురించి కొంత చెప్పాలి. ద్రవ హైడ్రోజను మైనస్ 253 డిగ్రీల చలిలో ఉంటుంది. అది మండినప్పుడు వేడి మూడు వేల డిగ్రీల ప్రాంతానికి చేరుతుంది. ఇంజను గోడలో సన్నని దారులు చేసి, ఆ చల్లని హైడ్రోజనునే వాటి గుండా పంపి గోడను కాపాడుతారు. టర్బైను బ్లేడు కథ మీకు గుర్తుకు వస్తే నా ఉద్దేశం నెరవేరినట్టే. ఈ సంస్థ తయారు చేసిన ఎచ్-2ఎ రాకెట్టు 2001 నుంచి 2025 జూన్ వరకు 50 సార్లు ఎగిరి, 49 సార్లు పని పూర్తి చేసింది. గ్రహశకలానికి వెళ్లిన జపాను నౌక హయబుసా-2ను, అరబ్ ఎమిరేట్స్ వారి అంగారక నౌక ‘హోప్’నూ మోసింది అదే. దాని వారసుడైన ఎచ్-3 మొదటి ప్రయోగంలో, 2023 మార్చిలో, రెండో దశ ఇంజను అంటుకోలేదు. కారణం వెతికి సరిదిద్దుకుని పదకొండు నెలల తరువాత, 2024 ఫిబ్రవరి 17న, విజయవంతంగా ఎగిరారు.

ఇంతవరకు పాకిన పనితనం చెప్పాను. పాకని చోట్లు రెండు ఉన్నాయి.

మొదటిది విహార నౌకలు. ఓడలు కట్టడంలో నూరేళ్ల అనుభవం ఉన్న నాగసాకిలో 2002 అక్టోబరులో ‘డైమండ్ ప్రిన్సెస్’ అనే భారీ విహార నౌక నిర్మాణంలో ఉండగానే మంటల్లో చిక్కుకుంది. 2011లో ఒక జర్మన్ సంస్థ కోసం మరో రెండు నౌకలు ఒప్పుకున్నారు. మొదటి నౌక ఏడాది ఆలస్యంగా, 2016లో అప్పగింత అయింది. ఆ ఏడాది జనవరిలో దానిలో మూడుసార్లు నిప్పు రాజుకుంది. ఇరవై వేల కోట్ల యెన్లకు పైగా నష్టం మిగిలింది. ఆ అక్టోబరులోనే పెద్ద విహార నౌకల పని ఇక చేపట్టబోమని ప్రకటించారు. ఎందుకు జరిగింది? నా అంచనా చెబుతాను. సరకు ఓడలో కష్టమంతా ఓడ ఉక్కు దేహంలోనూ, ఇంజనులోనూ ఉంటుంది. విహార నౌకలో కష్టం వేల గదుల్లో, నాటకశాలల్లో, వంటశాలల్లో, వాటి తీగల్లో, గొట్టాల్లో ఉంటుంది. వందలాది ఉపకాంట్రాక్టర్లను ఒకరి కాళ్లకు ఒకరు అడ్డుపడకుండా నడిపించడం అక్కడి అసలు విద్య. యూరప్‌లోని ఓడల కర్మాగారాలు తరాలుగా పెంచుకున్న ఆ విద్య ఉక్కును ఎంత బాగా వెల్డింగ్ చేసినా రాదు.

రెండోది మరింత బాధ కలిగించేది. బోయింగ్ 787 విమానానికి కర్బన నారతో చేసిన రెక్కల పెట్టెలను, అంటే రెక్కల బరువు మోసే ప్రధాన నిర్మాణాన్ని, నగోయాలో చేసి ఇచ్చేది ఈ సంస్థే. అంతటి వారు 2008లో సొంత ప్రాంతీయ జెట్ విమానం తలపెట్టారు. 2013లో అందించాలనుకున్న ఆ విమానం 2015 నవంబరు 11న మొదటిసారి ఎగిరింది. నగోయాలో ఆ రోజు జనం కళ్లనీళ్లు పెట్టుకుని చూశారు. జపాను 1962లో ఎగరవేసిన వైఎస్-11 తరువాత సొంత ప్రయాణికుల విమానం కోసం అర్ధ శతాబ్దం ఎదురుచూసిన దేశం అది. కాని ఎగరడం వేరు, ఎగరడానికి అర్హమైనదని ధ్రువీకరణ పొందడం వేరు. ఒక గొట్టం పగిలి నీరు కారినా, ఒక మూల పేలుడు జరిగినా, కీలకమైన తీగలన్నీ ఒకేసారి తెగిపోకూడదు అన్నది నియమం. ఆ నియమం కోసం 2017లో విమానంలోని విద్యుత్ తీగల అమరికను, ఎలక్ట్రానిక్ పెట్టెల చోట్లను తిరిగి రూపొందించవలసి వచ్చింది. ఆరుసార్లు వాయిదా పడిన ఆ పథకాన్ని 2023 ఫిబ్రవరి 7న పూర్తిగా విరమించుకున్నారు. రెక్క చేయడానికి లోహం, నార, కొలత తెలిస్తే చాలు. మొత్తం విమానానికి బాధ్యత వహించడానికి, ప్రతి నిర్ణయం ఎందుకు తీసుకున్నామో కాగితం మీద రుజువు చేయగల అలవాటు కావాలి. ఆ అలవాటు ఇతరుల నక్షా ప్రకారం భాగాలు చేసి ఇచ్చినంత కాలం పెరగదు. మన దేశంలో విమాన భాగాలు చేసే కర్మాగారాలు హైదరాబాదు చుట్టూ వరుసగా వస్తున్న ఈ రోజుల్లో, అక్కడ ఉద్యోగాలకు వెళ్లబోయే మీరు ఈ కథను శ్రద్ధగా చదవాలని కోరుతున్నాను.

నాగసాకి సంగతి చెప్పి ముగిస్తాను. సరకు ఓడల వ్యాపారం కొరియా, చైనాల వైపు మళ్లింది. 2022లో కోయాగి దీవిలోని భారీ ఓడల నిర్మాణ స్థలాన్ని ఒషిమా అనే మరో ఓడల సంస్థకు అప్పగించారు. పాత కర్మాగారంలో ఇప్పుడు ప్రధానంగా నౌకాదళపు యుద్ధనౌకలు తయారవుతున్నాయి. వాటి మెరుగుపరిచిన నమూనానే 2025 ఆగస్టులో ఆస్ట్రేలియా తన నౌకాదళానికి ఎంచుకుంది. నమూనాల షెడ్డు 1985 నుంచి సంస్థ చరిత్రను చూపే ప్రదర్శనశాల. మొదట్లో నెదర్లాండ్స్ నుంచి తెచ్చుకున్న యంత్రం, తొలి టర్బైన్లు అందులో ఉన్నాయి. దానికి కొద్ది దూరంలో రేవు ఒడ్డున 1909 నాటి క్రేను ఇంకా నిలబడి, కింద ఆగిన పడవలోకి టర్బైన్లను దించుతూనే ఉంది.